విదేశాలలో ఉపాధ్యాయ వృత్తి - మనం చేసుకోవలసిన తయారీ

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం మాస్టరు తెలుగులో మాట్లాడటమేమిటని వెనుక వరుసలో ఎవరో నవ్వుకొన్నారు. మాకు వినబడింది. మన సంఘంలో పాతబస్తీ కుటుంబాలే కాదు, నల్లగొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్ జిల్లాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. వారి పిల్లలకు ఉర్దూ లిపి రాదు. అందరికీ అందాలంటే తెలుగులోనే చెప్పండి అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. మాట తడబడితే మన్నించండి. విషయం తడబడకుండా మేము చూసుకొంటాము.

ఈ విషయాన్ని మేమే కోరి ఎంచుకొన్నాము. కారణం చెప్తాము.

కొద్ది నెలల క్రితం ఒక రాత్రి ఇషా నమాజు అయిన తర్వాత మా ఇంటికి ఒక తండ్రి, కూతురు వచ్చినారు. ఆ అమ్మాయి మా పూర్వ విద్యార్థిని. బి.ఎస్సి., బి.ఎడ్. చేసి ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠం చెప్తున్నది. గల్ఫులో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో ఉద్యోగం ఉందని, రెండున్నర లక్షలు కడితే నెలలో పంపిస్తానని, ముందు విజిట్ వీసా మీద పోతే అక్కడ పని వీసా చేయిస్తానని ఒక ఏజెంటు చెప్పినాడట. తండ్రి షేర్వానీ జేబులో నుండి రుమాలు తీసి విప్పినారు. అందులో ఆ అమ్మాయి పెండ్లికని దాచిన నగలు. "సర్, మీరు సరేనంటే రేపు పొద్దున కుదువ పెట్టి పైసలు కట్టేస్తాము" అన్నారు.

మేము ఆ ఏజెంటు ఇచ్చిన కాగితం చూపించమన్నాము. అందులో జీతం ఉన్నది, దేశం ఉన్నది. బడి పేరు మాత్రం లేదు.

ఆ రాత్రి మేము చెప్పింది చాలా తక్కువ. "నగలు ఇంట్లో పెట్టండి, మళ్లీ కూర్చొని మాట్లాడుకొందాం" అన్నాము, అంతే. చెప్పవలసిన మిగతా మాటలన్నీ ఈనాడు మీ అందరి ముందు చెప్తున్నాము. అటువంటి రుమాళ్లు మన గల్లీలలో ఇంకా ఎన్ని ఇండ్లలో విప్పుతున్నారో అల్లాకే తెలుసు.

పరదేశం పోవడం మనకు కొత్త కాదు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫు దేశాలలో కట్టడాలు, ఆసుపత్రులు, కార్యాలయాలు లేచినప్పటి నుండి హైదరాబాదు వాళ్లు పోతూనే ఉన్నారు. మనుషులు పోతే వెంట కుటుంబాలు పోతాయి, కుటుంబాలు పోతే పిల్లలకు బడి కావాలి. అట్లా అక్కడ భారతీయ బడులు పెరిగినాయి. జిద్దాలోని భారతీయ పాఠశాల 1969 నాటిది. ఈనాడు మన దేశపు సి.బి.ఎస్.ఇ. బోర్డుకు ఇరవై పైచిలుకు దేశాలలో రెండు వందలకు పైగా బడులు అనుబంధంగా ఉన్నాయి. ఎక్కువ భాగం గల్ఫులోనే. ఆ బడులకు ఉపాధ్యాయులు కావాలి. ఎక్కువ మంది మన దేశం నుండే పోతున్నారు.

ఉర్దూ మీడియంలో చదివినవాడు బయటి దేశంలో ఏమి చెప్తాడని మనలోనే కొందరు హేళన చేస్తారు. వారికి రెండు పేర్లు గుర్తు చేస్తాము. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనా భాషగా మొదలైంది. దానికి పుస్తకాలు తయారుచేయడానికి 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టినారు. ఆ ఉస్మానియాలో చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి పోయి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ దగ్గర పనిచేసి గణితంలో డాక్టరేటు తెచ్చుకొన్నారు. అదే ఉస్మానియాలో చదివిన ముహమ్మద్ హమీదుల్లా బాన్‌లో, పారిస్‌లో డాక్టరేట్లు పొంది, ఎన్నో ఏండ్లు పారిస్‌లో ఉండి పరిశోధన చేసి, ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినారు. ఇద్దరూ 1908లో ఈ హైదరాబాదులో పుట్టినవారే. ఉర్దూ వారికి అడ్డు రాలేదు. అయితే వారు ఉర్దూ దగ్గరే ఆగిపోలేదు. ఈ రెండో మాట కూడా మనం మరిచిపోకూడదు.

ఇక మా సంగతి. 2011లో మేము కూడా ఒక ఇంటర్వ్యూకు పోయినాము. నగరంలోని ఒక హోటల్లో జరిగింది. బడి పేరు అక్కరలేదు, తప్పు వారిది కాదు. అప్పటికి మాకు ఏడేండ్ల అనుభవం. కొత్త చొక్కా కుట్టించుకొని, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని, అమ్మీ దువా తీసుకొని బయలుదేరినాము. ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినట్లుగా ఆకులు ఆహారం తయారుచేసే పాఠం పది నిమిషాలు చెప్పమన్నారు.

ఆ పాఠం మేము నిద్రలో లేపి అడిగినా చెప్పగలము. ఉర్దూలో దాన్ని జియాయీ తాలీఫ్ అంటాము. జియా అంటే వెలుగు, తాలీఫ్ అంటే కూర్పు. తెలుగులో కిరణజన్య సంయోగక్రియ. విషయం తెలుసు, రెండు భాషలలో పేరు తెలుసు. కాని ఇంగ్లీషులో మొదటి వాక్యం అయిన తర్వాత రెండో వాక్యం రాలేదు. నోరు ఎండిపోయింది. బోర్డు మీద ఆకు బొమ్మ వేసి దాని ముందు నిలబడిపోయినాము.

అయినా మమ్మల్ని ఓడించింది ఇంగ్లీషు కాదు. ఆ తర్వాత అక్కడ కూర్చున్న ఒక మేడమ్ నెమ్మదిగా, మాకు అర్థమయ్యే మాటల్లో అడిగినారు: "ఈ పాఠం అయిన తర్వాత, చివరి బెంచీలో కూర్చున్న పిల్లవాడికి అర్థమైందని మీకెట్లా తెలుస్తుంది?" మేము, "అర్థమైందా అని అడుగుతాము, అయింది సార్ అంటారు" అన్నాము. ఆమె చిరునవ్వు నవ్వి కాగితం మీద ఏదో రాసుకొన్నారు. బయటికి వచ్చేసినాము.

ఇంటికి వచ్చే దారి పొడుగునా సిటీ బస్సులో ఆ ప్రశ్నే. ఏడేండ్లుగా మేము రోజూ "అర్థమైందా" అని అడిగినాము, పిల్లలు రోజూ "అయింది" అన్నారు. అందులో ఎంత నిజమో మేము ఒక్కసారి కూడా తరచి చూడలేదు. ఇంగ్లీషు రాకపోవడం కంటే అది పెద్ద సిగ్గుగా తోచింది.

కాబట్టి ముందుగా చెప్పే మాట ఇది: తయారీ పాస్‌పోర్టు ఆఫీసులో మొదలుకాదు, మనం ఈరోజు నిలబడిన క్లాసులోనే మొదలవుతుంది.

ఇక బయటి బడులు ఎన్ని రకాలో తెలుసుకొందాం. పేరులో ఇంటర్నేషనల్ అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. మొదటి రకం మన దేశపు సిలబస్ చెప్పే భారతీయ బడులు. డిగ్రీలో చదివిన సబ్జెక్టు, బి.ఎడ్., కొన్ని ఏండ్ల అనుభవం ఉంటే మన వాళ్లకు దగ్గరి ద్వారం ఇదే. జిద్దా భారతీయ పాఠశాల వంటి చోట ఉర్దూను ఒక భాషగా కూడా చెప్తారు. ఉర్దూ పండితులు ఈ మాట గుర్తుంచుకోవాలి. రెండో రకం బ్రిటిష్ సిలబస్ బడులు. 1988లో మొదలైన కేంబ్రిడ్జివారి ఐ.జి.సి.ఎస్.ఇ. పరీక్ష చాలాచోట్ల నడుస్తున్నది. మూడో రకం 1968లో జెనీవాలో పుట్టిన ఐ.బి. పద్ధతి బడులు. ఈ రెండు రకాలలో జీతం ఎక్కువ, అడిగేది కూడా ఎక్కువ. పాఠ్యపుస్తకం చదివి వినిపిస్తే సరిపోదు, పిల్లవాడు తానే వెతికి, ప్రశ్నించి, రాసి చూపేటట్లు చేయాలి.

ఇంగ్లాండు సంగతి కూడా ఒకటి చెప్తాము. 2023 ఫిబ్రవరి నుండి మన దేశంలో శిక్షణ పొందిన గణితం, సైన్సు, భాషల ఉపాధ్యాయులు అక్కడి ప్రభుత్వం ఇచ్చే అర్హత హోదాకు ఇక్కడి నుండే దరఖాస్తు పెట్టుకొనే వీలు కల్పించినారు. అర్హత హోదా వేరు, ఉద్యోగం వేరు. ఆ కాగితం రాగానే విమానం టికెట్టు వచ్చినట్లు కాదు. అయినా లెక్కలు, సైన్సు చెప్పే మన పిల్లలకు ఈ దారి తెలిసి ఉండాలి.

తయారీలో మొదటిది సబ్జెక్టు, రెండోది ఇంగ్లీషు. ఇంగ్లీషు అంటే పెద్ద పెద్ద మాటలు కావు. మీరు రేపు చెప్పబోయే పాఠాన్ని ఈ రాత్రి ఇంట్లో ఇంగ్లీషులో పది నిమిషాలు బయటికి చెప్పండి. వినేవారు లేకపోతే గోడకు చెప్పండి. మేము ఒక నోటుబుక్కులో మూడు గీతలు గీసి, ఒక వరుసలో ఉర్దూ పేరు, ఒక వరుసలో తెలుగు పేరు, ఒక వరుసలో ఇంగ్లీషు పేరు రాసుకొన్నాము. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల సైన్సు పూర్తి కావడానికి రెండేండ్లు పట్టింది. ఆ నోటుబుక్కును ఇప్పుడు మా బడి పిల్లలే ఎక్కువ వాడుతున్నారు, ఇంటర్మీడియెట్‌లో ఇంగ్లీషు మీడియంలో పడి కొట్టుకోకుండా.

మూడోది పాఠ్య ప్రణాళిక. బి.ఎడ్. రికార్డులో ఇతరుల నుండి కాపీ చేసి రాసినది కాదు. ఈ పాఠంతో పిల్లవాడికి ఏమి రావాలి, వచ్చిందని ఎట్లా తెలుస్తుంది, రానివాడికి ఏమి చేస్తాము - ఈ మూడింటికి జవాబు ఉంటే చాలు. మేము గంట కొట్టే ముందు అయిదు నిమిషాలు ఆపి, ప్రతి పిల్లవాడితో చిన్న కాగితం ముక్క మీద రెండు ప్రశ్నలకు జవాబు రాయించడం మొదలుపెట్టినాము. మొదటి రోజు ఆ ముక్కలు ఇంటికి తెచ్చి చూస్తే, "అయింది సార్" అన్న వాళ్లలో సగానికి పైగా కానే కాలేదు. ఆ మేడమ్‌గారికి మనసులోనే సలాం చేసినాము.

నాలుగోది కాగితాలు. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన పేర్లు చూడండి. పదో తరగతి మెమోలో "ఎం.డి.", డిగ్రీలో "మొహ్డ్.", ఆధార్‌లో "మహమ్మద్", పాస్‌పోర్టులో "మొహమ్మద్". ఇంట్లో నలుగురూ ఒకరినే పిలుస్తారు, కాని బయటి దేశపు దఫ్తరులో వీరు నలుగురు మనుషులు. ఆడపిల్లలకైతే బేగం, సుల్తానా, ఫాతిమా ఒక కాగితంలో ఉంటే ఇంకో కాగితంలో ఉండవు. తండ్రి పేరు సంగతి సరేసరి. కాబట్టి పదో తరగతి మెమోను మూలంగా పెట్టుకొని, మిగతా కాగితాలన్నీ దానికి కలపండి. మెమోలోనే తప్పుంటే చదివిన బడి హెడ్‌మాస్టరు ద్వారా బోర్డుకు దరఖాస్తు పెట్టండి. ఉద్యోగం వచ్చిన తర్వాత కాదు, ఇప్పుడే.

సర్టిఫికెట్లకు ముద్రలు వేయించడం ఇంకొక పని. ముందు మన రాష్ట్రంలో పరిశీలన, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. మన దేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. ఆ ఒప్పందంలో ఉన్న దేశాలకు ఆ ఒక్క ముద్ర చాలు. ఒమాన్, బహ్రెయిన్ చాలా ముందే చేరినాయి, సౌదీ 2022లో చేరింది. ఎమిరేట్స్, ఖతర్, కువైట్ వంటి దేశాలకైతే విదేశాంగ శాఖ తర్వాత ఆ దేశపు దౌత్య కార్యాలయం ముద్ర కూడా వేయించాలి. వీటన్నింటితో పాటు పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీసు క్లియరెన్సు. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఊరికే ఇవ్వకండి. ఇస్తే రసీదు తీసుకొండి.

అనుభవ పత్రం గురించి ఒక మాట. మన చిన్న ప్రైవేటు బడులలో నియామక ఉత్తర్వు ఇవ్వరు, జీతం చేతికిస్తారు. అయిదేండ్లు చెప్పిన అమ్మాయికి అయిదు రోజుల సాక్ష్యం కూడా ఉండదు. ఈ సభలో బడులు నడిపే పెద్దలున్నారు. వారిని చేతులు జోడించి అడుగుతున్నాము: ఎంత ఇచ్చినా బ్యాంకు ద్వారా ఇవ్వండి, చేరిన రోజునే కాగితం ఇవ్వండి. మీకు పోయేది ఏమీ లేదు, ఆ పిల్లకు బతుకు దారి దొరుకుతుంది.

ఇక ఏజెంట్లు. 1983 నాటి వలస చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వం రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు నిజమైనదా కాదా అని ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవచ్చు. సేవా రుసుము ముప్పై వేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించకూడదని నియమం ఉంది. రెండున్నర లక్షలు అడిగేవాడి లెక్క మీరే వేసుకొండి. తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతుంది. అక్కడ పేరు నమోదు చేసుకోవచ్చు.

విజిట్ వీసా మీద పోయి పాఠం చెప్పడం ఆ దేశపు చట్టానికి విరుద్ధం. మా తోటి ఉపాధ్యాయుడు ఒకాయన ఇట్లాగే పోయినాడు. మూడు నెలలు ఒక గదిలో ఎనిమిది మందితో పడుకొని, బడి గేటు కూడా చూడకుండా తిరిగి వచ్చినాడు. అప్పు తీర్చడానికి నాలుగేండ్లు పట్టింది. ఈనాటికీ ఆ సంగతి ఎత్తితే లేచి బయటికి పోతాడు.

బడి నుండి నేరుగా కాంట్రాక్టు వచ్చిందనుకొందాం. సంతకానికి ముందు చూడవలసినవి: బడి పేరు, జీతం, ఇల్లు ఇస్తారా, టికెట్టు ఎవరిది, వైద్య బీమా, పిల్లల ఫీజు, ఉద్యోగం మధ్యలో మానితే ఏమి కట్టాలి. సౌదీ చట్టంలో ఉద్యోగం ముగిసినప్పుడు మొదటి అయిదేండ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్క కట్టే పద్ధతి ఉంది. మనవాళ్లకు చాలామందికి ఇది తెలియక అడగరు. ఖర్చు కూడా లెక్క వేయాలి. సౌదీలో 2017 జూలైలో కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాల్ల రుసుము మొదలై, 2020 నాటికి 400 రియాల్లకు చేరింది. ఆ భారం మోయలేక భార్యాపిల్లలను తిరిగి పంపినవారు మన గల్లీలలోనే ఉన్నారు. జీతం చూసి మురిసిపోకుండా, నెలాఖరుకు చేతిలో మిగిలేది చూడండి.

పరదేశపు ఉద్యోగం ఎన్నటికీ మన సొంతిల్లు కాదు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాలలో తెచ్చినారు. మేము అప్పుడు చిన్నపిల్లలము. మా గల్లీలో ఒక ఇంటికి తిరిగి వచ్చినాయన చేతిలో ఒక సంచి మాత్రమే ఉండటం మా కళ్లతో చూసినాము. అందుకే ఇక్కడి చదువు, ఇక్కడి ఇల్లు, ఇక్కడి సంబంధాలు తెంపుకొని పోకండి.

మీరు అడుగుతారు - మంచి ఉపాధ్యాయులందరూ పోతే ఇక్కడి ఉర్దూ బడుల గతి ఏమిటి? న్యాయమైన ప్రశ్న. మేము కూడా దీనితో చాలా ఏండ్లు కుస్తీ పట్టినాము. తయారైన తర్వాత 2016లో మాకు మరొక చోటి నుండి పిలుపు వచ్చింది. ఈసారి పాఠం తడబడలేదు, వారు ఉద్యోగం కూడా ఇస్తామన్నారు. సరిగ్గా అప్పుడే మా అబ్బాకు పక్షవాతం వచ్చింది. పోలేదు. దాన్ని త్యాగమని ఎవరైనా అంటే మాకు నచ్చదు. పోలేక ఉండిపోయినాము, అంతే. మొదటి ఏడాది మనసు చాలా బాధపడింది. జీతం లెక్కలు రాత్రిళ్లు తలలో తిరిగేవి.

కాని ఒకటి చెప్తాము. విదేశం కోసమని నేర్చుకొన్నదంతా మాతోనే ఉండిపోయింది. నోటుబుక్కు ఉంది, కాగితం ముక్కల పద్ధతి ఉంది, చివరి బెంచీని చూసే చూపు ఉంది. జిద్దాలోనో దుబాయిలోనో ఎవరి పిల్లలకో అందవలసినది మా బడి పిల్లలకు అందింది. అందుకే పోయేవారిని ఆపము, ఉండేవారిని చిన్నచూపు చూడము. పోయినా, ఉన్నా చేయవలసిన తయారీ ఒక్కటే. పోయినవారు సెలవులకు వచ్చినప్పుడు రెండు రోజులు మన బడులలో వచ్చి పాఠం చెప్పండి. ఆ మాత్రం హక్కు మాకు మీ మీద ఉంది.

చివరగా సంఘానికి రెండు మనవులు. ఒకటి, సంఘం ఆఫీసులో ప్రతి ఆదివారం రెండు గంటలు ఉపాధ్యాయులకు ఇంగ్లీషులో పాఠం చెప్పే అభ్యాసం పెట్టండి. ఫీజు వద్దు, మేము వచ్చి కూర్చొంటాము. రెండు, నెలకొకసారి కాగితాల రోజు పెట్టండి. పేర్లలో తప్పులు, ముద్రలు, ఏజెంటు నంబర్లు, కాంట్రాక్టులు చూడటానికి చదువుకొన్న నలుగురు కూర్చొంటే చాలు. ఒక్క కుటుంబం నగలు కాపాడినా ఈ సంఘం పెట్టినందుకు ఫలితం దక్కినట్లే.

ఆ రాత్రి మా ఇంటికి వచ్చిన అమ్మాయి నగలు ఇంట్లోనే ఉన్నాయి. ఆమె బడివారు మొన్న నియామక పత్రం రాసి ఇచ్చినారు. మెమోలో పేరు సరిచేయడానికి దరఖాస్తు పెట్టింది. రోజూ రాత్రి తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఇంగ్లీషులో పాఠం చెప్తున్నదట. వాడు మధ్యలో నిద్రపోతే మొదటి నుండి మళ్లీ మొదలుపెడుతుందట. ఎక్కడికి పోతుందో, పోతుందో లేదో మాకు తెలియదు. ఆమె ఈ సభలోనే ఉంది. పేరు చెప్పము.

బేటీ, ఆ తమ్ముడికి అర్థమైందో లేదో కాగితం ముక్క మీద రాయించి చూడు.